లెక్కల్లో ఆరు, ఆటల్లో నాలుగు

ఒకప్పుడు మన ఊళ్లలో పిల్లల్ని బడిలో వేయాలంటే పుట్టినతేదీ కాగితం అడిగేవాళ్లు కాదు. కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లు, అందితే ఒకటో తరగతి, అందకపోతే వచ్చే ఏడాది. పుట్టినతేదీ సంగతి హెడ్మాస్టారు చూసుకునేవారు, అందుకే ఆ తరం వాళ్లలో చాలామందికి రికార్డుల్లో జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినరోజుగా ఉంటుంది. చురుకైన పిల్లాడికి డబుల్ ప్రమోషన్ ఇచ్చి రెండులోంచి నాలుగులోకి పంపడం కూడా ఆయన నోటిమాటతోనే అయిపోయేది. ఆధార్, ఆన్‌లైన్ నమోదు వచ్చాక అదంతా దాదాపు పోయింది. కానీ ఏటా వేసవిలో, కొత్త పుస్తకాలు కొనే ముందు, కొన్ని ఇళ్లలో అదే ప్రశ్న లేస్తూనే ఉంది: మా పాపకి ఈ క్లాసువన్నీ ఇప్పుడే వచ్చు కదా, ఒక ఏడాది దాటించేస్తే ఏం పోతుంది?

మా పత్రిక మాట ముందే చెప్పేస్తాం. దాటించవచ్చు, కొందరు పిల్లల్ని దాటించి తీరాలి కూడా, కానీ తరగతి మొత్తాన్ని కాదు, ముందు ఆ పిల్లకి వచ్చిన సబ్జెక్టులో.

ఎందుకంటే ప్రతిభ అన్ని వైపులా ఒకే ఎత్తున పెరగదు. నాలుగో తరగతి పిల్ల ఆరో తరగతి లెక్కలు చకచకా చేసేస్తుంది, తెలుగు వ్యాసం రాయమంటే మాత్రం తన ఈడు పిల్లల్లాగే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతుంది, ఇంటర్వెల్‌లో తొక్కుడుబిళ్ల ఆడటానికి ఆమెకి తొమ్మిదేళ్ల స్నేహితురాళ్లే కావాలి. ఆమెని ఆరో తరగతిలో కూర్చోబెడితే లెక్కల పీరియడ్ ఒక్కటే బాగుంటుంది, మిగతా రోజంతా పరాయి ఊళ్లో ఉన్నట్టే. నాలుగులోనే ఉంచేస్తే లెక్కల పీరియడ్‌లో కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటుంది, లేదా అల్లరి చేసి తిట్లు తింటుంది. ఈ రెండో కష్టాన్ని మనం అసలు కష్టంగా లెక్కపెట్టం, అదే మా బాధ. తెలివైన పిల్లకేం, ఎలాగైనా చదువుకుంటుంది అనేస్తాం. రోజూ తెలిసిన పాఠమే వింటూ కూర్చున్న పిల్ల కష్టపడటం ఎలాగో నేర్చుకోకుండానే పెద్దదవుతుంది, నిజంగా కష్టమైన లెక్క మొదటిసారి ఎదురైనప్పుడు తనకి చదువు రాదేమోనని భయపడిపోతుంది.

శ్రీనివాస రామానుజన్ కథ అందరికీ తెలిసిందే కానీ ఈ కోణంలో చూడం. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరి, లెక్కల్లో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు పోగొట్టుకుని, ఆ స్కాలర్‌షిప్పూ పోగొట్టుకున్నాడు, తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలోనూ ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) గట్టెక్కలేదు. అన్నీ కలిపి ఒకే మెట్టు మీద నిలబెట్టే పద్ధతి ఆయన్ని ఫెయిల్ చేసింది. సి.వి. రామన్‌ది దీనికి తిరగేసిన కథ. విశాఖపట్నంలో చదువుకుంటూ 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్, 13కే ఎఫ్.ఏ. పాసై మద్రాసు వెళ్లాడు, ఆ వేగం ఆయనకి నప్పింది. అయితే ఆయన తండ్రి విశాఖలో కాలేజీ లెక్చరర్, ఇంట్లో లెక్కలు, భౌతికశాస్త్రం పుస్తకాలు ఉండేవి. అలాంటి ఇల్లు ఎంతమంది పిల్లలకి ఉంటుంది? ఇంట్లో లేనిది బడే ఇవ్వాలి.

మేం చెప్పే దారి బాగా కనిపించేది ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పెరిగిన గణిత శాస్త్రవేత్త టెరెన్స్ టావ్ చదువులో. చిన్నప్పుడు లెక్కల కోసం పెద్ద పిల్లల క్లాసులో కూర్చునేవాడు, మిగతా సబ్జెక్టులకి కింది క్లాసుల్లో. తల్లిదండ్రులు రికార్డుల కోసం తొందరపడలేదు. 2006లో ఆయనకి లెక్కల్లో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. ఆ దేశంలోనే మిరాకా గ్రాస్ అనే పరిశోధకురాలు 160 పైన ఐక్యూ ఉన్న 60 మంది పిల్లల్ని దాదాపు 20 ఏళ్లు గమనించారు. తగినంతగా ముందుకు పంపిన పిల్లలు చదువులోనే కాదు, స్నేహాల్లోనూ బాగున్నారు, ఈడు పిల్లలతోనే కట్టిపడేసిన వాళ్లలో చాలామంది ఒంటరితనంతో ఇబ్బంది పడ్డారు. ముందుకు పంపితే పిల్ల ఒంటరైపోతుందన్న భయం అందరి విషయంలో నిజం కాదని దీంతో తేలింది. కాకపోతే అంత అరుదైన పిల్లల సంగతిని స్కూల్ ఫస్ట్ వచ్చిన ప్రతి పిల్లకీ అంటగట్టకూడదు. ట్యూషన్‌లో రుద్దితే వచ్చిన మార్కులు వేరు, ఎవరూ చెప్పకుండానే పై క్లాసు పుస్తకం తెరిచి కూర్చోవడం వేరు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ తొమ్మిదో తరగతి సిలబస్ బట్టీ పట్టించడాన్ని మేం ప్రతిభకి ఇచ్చే అవకాశంగా చూడటం లేదు.

ఇంకో చిక్కు మన నిబంధనల్లోనే ఉంది. పదో తరగతి పరీక్ష రాయాలంటే 14 ఏళ్లు నిండాలి, తక్కువైతే వయసు మినహాయింపు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. నీట్‌కి అడ్మిషన్ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. ఐదేళ్లకే ఒకటో తరగతిలో చేరి, మధ్యలో ఒక క్లాసు ఎగిరిన పిల్ల ఇంటర్ అయ్యేసరికి 16 దగ్గర ఉంటుంది, డాక్టర్ కావాలంటే అక్కడ ఒక ఏడాది కూర్చోవాలి. అంటే చిన్నప్పుడు మిగిల్చిన ఏడాది చివర్లో పోతుంది, మధ్యలో పద్నాలుగేళ్ల పిల్లని రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో వేసి ఆమె మీద పెట్టిన టెన్షన్ మాత్రం మిగులుతుంది. క్లాసు దాటించడానికి ఏడాది మిగలడం ఒక్కటే కారణమైతే, దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

విచిత్రం ఏంటంటే క్లాసు దాటించడం మన చట్టానికి కొత్త కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మొహమే చూడని పదేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కాదు, ఆమె ఈడు పిల్లల తరగతిలోనే చేర్చాలి, మధ్యలో రాని పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వెనకబడిన పిల్లకి ఇచ్చే ఆ బ్రిడ్జి కోర్సు ముందున్న పిల్లకీ ఇవ్వొచ్చు కదా. ఎగిరిన ఏడాది పుస్తకంలో భిన్నాలో, వ్యాకరణమో ఉండిపోతాయి, వాటిని వేసవిలో ఎవరో ఒకరు కూర్చుని చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభ గల పిల్లల్ని ప్రోత్సహించాలని రాసింది, బాగానే ఉంది, కానీ మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాల టీచర్‌కి దాంతో రేపు పొద్దున ఏం చేయాలో తెలియదు.

ఆ టీచర్‌కి చేతనైనదే మేం అడుగుతున్నాం. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఐదు తరగతులూ ఒకే గదిలో కూర్చుంటాయి, అది ఆ బడులకి పెద్ద లోటే, కానీ రెండో తరగతి పిల్లాడు అయిదో తరగతి లెక్కకి మధ్యలోంచి జవాబు చెప్పేయడం అక్కడ పనిచేసిన ప్రతి టీచరూ చూసే ఉంటారు. అదే పని గదులున్న బడిలో కావాలనే చేయొచ్చు. అన్ని తరగతులకీ లెక్కల పీరియడ్ ఒకే సమయంలో పెడితే చాలు, నాలుగో తరగతి పిల్ల ఆ ముప్పావుగంట పై తరగతిలో కూర్చుని మళ్లీ తన క్లాసుకి వచ్చేస్తుంది. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అది లేనంతకాలం పలుకుబడి ఉన్న తల్లిదండ్రుల పిల్లలకే ఈ దారి దొరుకుతుంది, కూలికెళ్లే తల్లికి తన బిడ్డ ముందుందన్న సంగతి చెప్పేవాళ్లే ఉండరు.

అన్ని సబ్జెక్టుల్లోనూ ముందున్న పిల్లలూ ఉంటారు. వాళ్లని పూర్తిగా పై తరగతికి పంపాలి, వీలైతే రెండు మూడు తరగతుల వయసులోనే, తొమ్మిదో తరగతి దగ్గర మాత్రం వద్దు. పంపే ముందు పిల్లని విడిగా కూర్చోబెట్టి నీకిష్టమేనా అని అడగాలి, అమ్మానాన్నల మొహం చూసి జవాబు చెప్పే పరిస్థితిలో కాదు. మా పత్రికతో సహా అన్ని పత్రికలూ చిన్న వయసులో పెద్ద క్లాసు దాటిన పిల్లల ఫొటోలు వేశాయి, ఐదేళ్ల తర్వాత ఆ పిల్లలు ఎలా ఉన్నారో చాలాసార్లు వెనక్కెళ్లి చూడలేదు. అది మా తప్పు, సరిదిద్దుకుంటాం.

జూన్‌లో బడి తెరిచాక దసరా సెలవుల దాకా ప్రయత్నంగా పెట్టి, అప్పుడు టీచర్, తల్లిదండ్రులు, పిల్ల కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. పాత క్లాసుకి వెళ్లిపోతానని ఆ పిల్ల అంటే, రిజిస్టర్‌లో ఆమె పేరు అప్పటిదాకా అక్కడ ఉంచే ఉండాలి.