హ్యామ్ రేడియో పని అయిపోయిందంటున్న ఆ మెసేజ్‌కు జవాబు

వారం రోజులుగా గ్రూపు గ్రూపుకీ ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: చేతిలో ఫోనూ, ఆకాశంలో శాటిలైటూ ఉండగా విపత్తుల్లో హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకున్న ఔత్సాహికులు, అంటే హ్యామ్‌లు, సొంత సెట్లతో మాట్లాడుకునేది, దీన్నే అమెచ్యూర్ రేడియో అనీ అంటారు) ఎందుకు, పోలీసులకు వాళ్ల వైర్‌లెస్ ఎలాగూ ఉంది, ఈ వాలంటీర్లు మధ్యలో దూరి అడ్డం పడతారు, అంతగా కావాలంటే ఎవరైనా ఒక వాకీటాకీ కొనుక్కుంటే చాలు. చదివినవాళ్లు నిజమే కదా అనుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. కరెంటు పోతే టవర్ బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత జనరేటరుకు డీజిల్ పోయాలి, ఆ డీజిల్ తెచ్చే దారేమో నీళ్లలో ఉంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఫైబర్ తెగిందంటే ఫోన్లో గీతలు కనబడతాయి గానీ కాల్ వెళ్లదు. 2017 సెప్టెంబరులో మరియా తుపాను అమెరికా పాలనలోని కరీబియన్ దీవి ప్యూర్టో రికోను కొట్టినప్పుడు అక్కడి సెల్ సైట్లలో దాదాపు 95 శాతం మూగబోయాయి. అప్పుడు అమెరికన్ రెడ్‌క్రాసే హ్యామ్‌ల జాతీయ సంఘాన్ని 50 మంది ఆపరేటర్లు కావాలని అడిగింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం హ్యామ్ ప్రసారాల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. దీవుల్లో చిక్కుకున్నవాళ్ల క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగంలోని వాళ్లకు చేరవేసింది ఆ సెట్టే.

శాటిలైట్ ఫోన్ ఉంటే మంచిదే, వద్దనేదేముంది. కానీ ఉండేవి కొన్నే, పైగా అది ఒకరితో ఒకరు మాట్లాడుకునేది. రేడియోలో అలా కాదు. పునరావాస కేంద్రంలో ఇన్సులిన్ అయిపోయిందని ఒకరు చెబితే ఆసుపత్రి దగ్గర ఉన్నవాళ్లూ, కంట్రోల్ రూంలో ఉన్నవాళ్లూ ఒకేసారి వింటారు.

పోలీసుల వైర్‌లెస్ పోలీసుల పనికే చాలదు ఆ రోజుల్లో. ఆసుపత్రికీ, పునరావాస కేంద్రానికీ, సామాన్ల గోదాముకీ మధ్య మాట్లాడాల్సింది ఎంతో ఉంటుంది. ఎక్కువగా వాలంటీర్లు కూర్చునేది అక్కడే.

అడ్డం పడతారన్న మాటలో కొంత నిజముంది, అది ఒప్పుకుంటాను. పిలవకుండా సెట్ పట్టుకుని వెళ్లేవాడు అడ్డమే. అందుకే పద్ధతైన బృందాలు స్థానిక అధికారులతో ముందే మాట్లాడుకుని, పిలిచినప్పుడే, చెప్పిన చోటికే వెళతాయి. ఇంకోటి, హ్యామ్ ఫ్రీక్వెన్సీల్లో మాట ఎవరైనా వినొచ్చు, కోడ్‌లో దాచడానికి వీల్లేదు, కాబట్టి రోగుల పేర్లు గాలిలో చదవకూడదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2003లో సవరించిన నిబంధనలైతే, విపత్తు సాయానికి అమెచ్యూర్ స్టేషన్లు సిద్ధమయ్యేలా చూడమని దేశాలను ప్రోత్సహిస్తున్నాయి.

ఇక వాకీటాకీ. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ మాటే, ఎందుకంటే దీన్ని నమ్మి సెట్ కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లు అవసరం వచ్చిన రోజున మోసపోతారు. చేతిలో పట్టే 5 వాట్ల సెట్ 144 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు సూటిగా పోతుంది, మధ్యలో కొండో పెద్ద భవనమో ఉంటే అక్కడితో సరి. ఎత్తు మీద రిపీటర్, అంటే విన్నదాన్ని మళ్లీ బలంగా ప్రసారం చేసే స్టేషన్, ఉంటే పదుల కిలోమీటర్లు వస్తుంది, కానీ దానికీ కరెంటు కావాలి. అదీ పోతే హెచ్‌ఎఫ్‌కు, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉండే తక్కువ ఫ్రీక్వెన్సీలకు, దిగాలి. తీగ యాంటెన్నాను తక్కువ ఎత్తులో కడితే సిగ్నల్ నెత్తి మీదికి వెళ్లి, వాతావరణంలో పైనుండే అయనోస్ఫియర్ అనే పొర నుంచి వెనక్కి వచ్చి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర పడుతుంది, కొండలు అడ్డు రావు. మామూలుగా పగలు 7 మెగాహెర్ట్జ్, రాత్రి 3.5. సెట్‌కు కారు బ్యాటరీ చాలు. ఇదంతా సెట్ కొన్న డబ్బా మీద రాసి ఉండదు. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుని, వారం వారం నెట్‌లో, అంటే హ్యామ్‌లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసే సమావేశంలో, హాజరు పలికి నేర్చుకునేది.

అసలు నేర్చుకోవాల్సింది మాట్లాడటం. నెట్‌ను నడిపించే ఆపరేటర్ (నెట్ కంట్రోల్) పిలిస్తేనే పలకాలి, ప్రాణాపాయం కబురుంటే మిగతా అందరూ ఆగాలి. నా మొదటి డ్రిల్‌లో అవతలివాళ్లు పదిహేను స్ట్రెచర్లు అంటే గరగరలో నాకు పదిహేడు అని వినబడింది, అలాగే రాసి పంపేశాను. అది డ్రిల్ కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మా నెట్‌లో పదిహేనును "ఒకటి, ఐదు" అని విడివిడిగా చెబుతాం, విన్నవాళ్లు తిరిగి చదివి వినిపించాకే తర్వాతి మాట.