వెనక గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది సార్?

మన తిరుపతిలో పేరెంట్స్ మీటింగ్ ఎట్లా జరుగుతుందో అందరికీ తెలిసిందే. మార్కులు, ఐఐటీ ఫౌండేషన్, చేతిరాత, ఇంట్లో ఫోన్ వదలడం లేదు సార్ మీరే కొంచెం భయం చెప్పండి, రెండో టర్మ్ ఫీజు. అయిపోయింది, బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని ఇంటికి. మా పాప చదివే స్కూల్ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, మీ పిల్లల స్కూలూ ఇంచుమించు అట్లాగే ఉంటుంది. మొన్నటి మీటింగులో నేను ఒక ప్రశ్న అడిగాను. మూడు అంతస్తుల బిల్డింగ్ కదా, వెనక మెట్ల కింద గ్రిల్ గేటుకి ఎప్పుడు చూసినా తాళం వేలాడుతుంటుంది, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని. ప్రిన్సిపల్ మేడమ్ ఇన్‌ఛార్జి సార్ వైపు చూశారు, ఆయన పీఈటీ సార్ వైపు చూశారు, పీఈటీ సార్ "వాచ్‌మన్ దగ్గర" అన్నారు. వాచ్‌మన్ టీ తాగడానికి పోయినాడు. "పిల్లల సేఫ్టీ కోసమే మేడమ్, తాళం తీస్తే బయటికి పోతారు" అని మేడమ్ నవ్వుతూ చెప్పారు, వెనక కుర్చీలోంచి ఎవరో నాన్న "నిజమే, ఈ కాలం పిల్లలు" అని వంత పాడాడు.

సేఫ్టీ కోసం తాళం అంట. తమిళనాడులో కుంభకోణం అనే ఊళ్ళో స్కూలు తగలబడింది, ఎవరికైనా గుర్తుందా? 2004 జులై 16. పొరుగు రాష్ట్రమే. మధ్యాహ్న భోజనం వండే చోట మొదలైన మంట తాటాకు కప్పుకి పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్లు, కిక్కిరిసిన తరగతులు. దాని తర్వాతే సుప్రీంకోర్టులో కేసు నడిచి, 2009లో తీర్పు వచ్చింది. చదువుకునే హక్కులో క్షేమంగా చదువుకునే హక్కు కూడా ఉందని, ప్రతి స్కూల్లో మంటలార్పే పరికరాలు ఉండాలని, టీచర్లకి వాటిని వాడడం నేర్పించాలని అందులో స్పష్టంగా ఉంది. మా స్కూల్లో ఆ ఎర్ర సిలిండర్ ఉంది, అబద్ధం చెప్పకూడదు. ఆఫీసు రూమ్ పక్కన, ట్రోఫీల బీరువాకి అటువైపు. దాని పిన్ను ఎట్లా లాగాలో తెలిసిన టీచర్ ఒక్కరు చేయి ఎత్తండి అంటే ఎవరూ ఎత్తలేదు. పైగా క్లాస్ టీచర్ నన్ను చూసిన చూపు, నేనేదో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు.

మాక్ డ్రిల్ జరగదా అంటే జరుగుతుంది. ముందు రోజే డైరీలో రాసి పంపిస్తారు, రేపు డ్రిల్, యూనిఫామ్ నీట్‌గా ఉండాలి అని. బెల్ కొడతారు, పిల్లలు తల మీద బ్యాగ్ పెట్టుకుని ముందు గేటు నుంచి వరసలో వస్తారు, ఫోటో తీస్తారు, సాయంత్రానికి స్కూల్ ఫేస్‌బుక్ పేజీలో పెడతారు, లైకులు. మంట ముందు మెట్ల దగ్గరే అంటుకుంటే? ఆ ప్రశ్న డ్రిల్‌లో లేదు. నాకు తెలిసి పనికొచ్చే డ్రిల్ అంటే చెప్పకుండా పెట్టేది. ఒక దారి కావాలనే మూసేసి, పిల్లలు రెండో దారి వెతుక్కునేలా చేసి, గ్రౌండులో హాజరు పట్టీ తీసి పేరుపేరునా పిలిచి, ఎవరు తక్కువయ్యారో చూసేది. బాత్‌రూములో ఉన్న పిల్లని ఎవరు వెనక్కి పోయి తెస్తారు? వీల్‌చైర్‌లో ఉన్న బాబుని మూడో అంతస్తు నుంచి ఎవరు దింపుతారు? ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులేం కావు, ఒక పూట క్లాసులు పోతాయి, అంతే. ఆ ఒక్క పూట పోతే సిలబస్ మునిగిపోతుందని మన బాధ.

ఎక్కడో జరిగినవి ఇక్కడెందుకు అనేవాళ్ళకి ఇక్కడివే చెబుతా. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి 6 మంది పోయారు, బైరాగిపట్టెడలో, మనం రోజూ బండి మీద పోయే దారిలో. గుంపు ఒకేసారి ఒక సందులోకి దూరితే ఏమవుతుందో చూసిన ఊరు మనది. అయినా సాయంత్రం లాంగ్ బెల్ కొట్టగానే వందల మంది పిల్లలు ఒకే గేటుకి పడతారు, బయట ఆ గేటుకే అడ్డంగా మన బండ్లు.

ఇంక వానలు. 2021 నవంబర్ మర్చిపోయారా? స్వర్ణముఖి పొంగింది, కొర్లగుంట, ఎంఆర్ పల్లె వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళని ఖాళీ చేయించారు. దానికి ముందు నెలలోనే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళల్లో బండి చిక్కుకుని కొత్త పెళ్ళికూతురు చనిపోయింది. ఇంత జరిగాక కూడా మా స్కూల్ వాళ్ళ ప్లాన్ ఏమిటంటే ఒక వాట్సాప్ మెసేజ్. ఆ మధ్య ఒక రోజు వాన దంచుతుంటే మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, పేరెంట్స్ వెంటనే వచ్చి పిల్లల్ని తీసుకుపోగలరు అని. వెంటనే అంటే ఎట్లా? ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులంతా ఒకేసారి మోకాలి లోతు నీళ్ళల్లో స్కూటీలు దింపాలన్నమాట. గట్టి బిల్డింగులో పై అంతస్తులో పొడిగా కూర్చున్న పిల్లల్ని తెచ్చి వానలో, అండర్ బ్రిడ్జిల మధ్య వదిలిపెట్టడం ఏ రకం జాగ్రత్తో నాకర్థం కాదు. నీళ్ళు తగ్గేదాకా ఉంచుకుని, రెండు బిస్కెట్లు పెట్టి, ఆగి రండి అని చెబితే సరిపోదా? అలా ఉంచుకుంటే బాధ్యత వాళ్ళ మీద పడుతుంది, గేటు దాటించేస్తే మన మీద పడుతుంది. అసలు సంగతి అదే.

ఆ రోజు నిజంగా సిద్ధంగా ఉన్న మనిషి ఎవరో తెలుసా, మా ఆటో అన్న. ఆయన ఫోన్ చార్జింగ్ ఎప్పుడూ అయిపోతుంటుంది కాబట్టి, పిల్లలందరి అమ్మానాన్నల నంబర్లు ఒక కాగితం మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అద్దం పైన దోపుకుని ఉన్నాడు. పక్క షాపులో ఫోన్ అడిగి అందరికీ చేశాడు. స్కూల్లో సర్వర్, యాప్ అన్నీ ఉన్నాయి, కరెంట్ మాత్రం లేదు.

స్కూల్‌ని తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు, ఇళ్ళల్లో మనం ఏం ఉద్ధరించాం? మా పాప ఏడో తరగతిలో పీరియాడిక్ టేబుల్ అప్పజెబుతుంది, నా నంబర్ మాత్రం నోటికి రాదు, ఫోన్‌లో "అమ్మ" అని ఉంటుంది కదా అంటుంది. ఇప్పుడు నేర్పించా. ఫోన్లు పనిచేయకపోతే ఎవరింటికి పోవాలి, మేం రాలేకపోతే స్కూల్‌కి ఎవరొస్తారు, అమ్మ పంపించిందని ముక్కూమొహం తెలియని మనిషి వస్తే ఏం చేయాలి, ఇవి మాట్లాడుకున్న ఇల్లు మా వీధిలో ఒక్కటి చూపించండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకూడదని, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలని పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకే తెలియదు. ఆ రబ్బరు ట్యూబు మీద తేదీ ఉంటుంది, అయిదేళ్ళకి మార్చాలి, ఈ రోజు వంటింట్లోకి పోయి చూడండి. పల్లెల వైపు పాము కరిస్తే ఇప్పటికీ గట్టిగా తాడు కట్టి, బ్లేడుతో కోసి, పసరు మందు పోసి, ఆఖర్న ఆసుపత్రికి తెస్తారు. కోయొద్దు, బిగించి కట్టొద్దు, కరిచిన చోటు కదలకుండా పెట్టి యాంటీ వెనమ్ ఉండే ప్రభుత్వాసుపత్రికి పొండి, 108కి చేయండి. ఇంతే కదా, ఒక పీరియడ్‌లో చెప్పొచ్చు. రాయలచెరువు కిందివాళ్ళు ఆ రాత్రి ముందు వెతికింది ఆధార్, పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు అని మా చుట్టాలు చెప్పారు, బీరువాలో ఒక్కోటి ఒక్కో మూల. అన్నీ ఒక కవర్లో వేసి పైన పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఇవన్నీ మాట్లాడితే మా అవ్వ "శుభమా అని పిల్లలు ఇస్కూల్‌కి పోతుంటే నోట్లో ఆ మాటలేందే" అంటుంది. అవ్వని అర్థం చేసుకోగలను, ఆమె కాలం వేరు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇంజనీరింగ్ చదివిన నాన్నలు కూడా అదే అంటే ఏం చేయాలి? గేటు తాళం గురించి గ్రూపులో రాస్తే మొదటి రిప్లై చేతులు జోడించిన బొమ్మ, రెండోది "నెగటివ్‌గా ఆలోచించకండి మేడమ్", మూడోది రేపటి హోంవర్క్ ఏంటని. నెగటివ్ అనే అనుకోండి, పర్లేదు, అడగడం మాత్రం ఆపను. గ్రూపులోంచి మాత్రం తీసేయకండి, ఫీజు మెసేజులన్నీ అందులోనే వస్తాయి.