ఇల్లు చూపించేటప్పుడు ముందు తెరవాల్సింది పెరటి తలుపు

2020 మే నెలలో సూరత్ నుంచి గంజాం జిల్లాకు వలస కార్మికుల రైళ్లు రావడం మొదలైంది. జూలై నాటికి ఒడిశాలో కొవిడ్ మాట వస్తే ముందు గంజాం పేరే వినిపించేది. ఆ నెల 17 నుంచి 31 దాకా గంజాంతో పాటు మరికొన్ని జిల్లాల్లో ప్రభుత్వం మళ్లీ లాక్‌డౌన్ పెట్టింది. గిరిసోలా గేటు దగ్గర ఆంధ్ర-ఒడిశా సరిహద్దు బిగుసుకుంది. అయినా ఇళ్ల అమ్మకాలు పూర్తిగా ఆగవు, ఆగలేదు. ఆస్పత్రి బిల్లు, తీర్చాల్సిన అప్పు, విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లిపోవాలన్న తొందర, వీటిలో ఏదీ కరోనా తగ్గేదాకా ఆగేది కాదు. అలాంటప్పుడు ఇల్లు చూపించాలా వద్దా అని వాదించుకుని లాభం లేదు. ఎలా చూపించాలన్నదే తేల్చుకోవాలి. మన దగ్గర ఆ 'ఎలా' చాలావరకు తప్పుదారి పట్టిందని నా అభిప్రాయం.

అప్పటి పద్ధతి అందరికీ తెలిసిందే. గుమ్మంలో శానిటైజర్ సీసా, గొళ్లాలకు తడిగుడ్డ, నుదుటి దగ్గర థర్మామీటర్. ఈ తంతు అయ్యాక బ్రోకర్‌తో కలిపి ఏడెనిమిది మంది కిటికీలు మూసిన ఇంట్లోకి ఒక్కసారే వెళ్లేవారు. గొళ్లాన్ని తుడిచాం కదా అని అందరికీ ధైర్యం. కానీ వైరస్ పడ్డ వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. మరుసటి నెల మన కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం గాలి సంగతి స్పష్టంగా రాసింది: పెద్ద తుంపరలు రెండు మీటర్లలోపే కింద పడిపోతాయి, గాలిలో తేలే సూక్ష్మ తుంపరలు పది మీటర్ల దాకా పోగలవు. థర్మామీటర్‌నూ పూర్తిగా నమ్మలేం. లక్షణాలు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందే మనిషి జబ్బును అంటించగలడు.

ఈ పది మీటర్ల లెక్క గంజాం జిల్లాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్లు తెలిసినవాళ్లకు వెంటనే తగులుతుంది. అటూ ఇటూ పొరుగువాళ్లతో ఉమ్మడి గోడ, పక్క కిటికీ అన్న మాటే లేదు. వీధి గది, దాని వెనుక నడవ, ఆ వెనుక చీకటి గది, వంటిల్లు, చివర పెరడు. రైలు పెట్టెలా పొడవుగా సాగే ఇల్లు. వీధి తలుపు ఒక్కటే తీస్తే నడిమి గదుల్లో గాలి కదలదు. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ బార్లా తీసి, మధ్య తలుపులకు అడ్డు పెట్టి, ఫ్యాన్లు వేసి, అరగంట ముందు నుంచే ఇంటిని అలా వదిలేయాలి. వచ్చినవాళ్లు వెళ్లాక మరో అరగంట. పైసా ఖర్చు లేని పని. కానీ ఇల్లు అమ్మేవాడు పెరడు శుభ్రంగా లేదని సిగ్గుపడి ఆ తలుపే మూసి ఉంచుతాడు! కొత్త కాలనీల్లో నాలుగు వైపులా కిటికీలున్న ఇళ్లకు ఇంత ఇబ్బంది లేదు. ఏసీ వేసి తలుపులు బిగించకపోతే చాలు.

ఇక మనుషుల లెక్క. మన దగ్గర ఇల్లు చూడడమంటే దాదాపు పెళ్లిచూపులే. మామగారు, బావమరిది, వాస్తు చెప్పే సిద్ధాంతి, సిద్ధాంతి మాట మీద నమ్మకం లేని ఇంకో పెద్దమనిషి. వీళ్లందరి అభిప్రాయం కావాల్సిందే, కాదనను. అందరి అడుగూ లోపల పడనక్కర్లేదు. నిర్ణయం తీసుకునే ఇద్దరు మాస్కులతో లోపలికి వస్తే, మిగతావాళ్లు ఫోన్లో చూడవచ్చు. దిక్కులు, కొలతలు వేసిన ప్లాను ముందే పంపితే సిద్ధాంతిగారు తన ఇంట్లో కూర్చునే లెక్క కట్టుకుంటారు. బేరం మాత్రం అరుగు మీదే. గట్టిగా, ఎక్కువసేపు మాట్లాడేది అప్పుడే కాబట్టి అది గదిలో జరగకూడదు.

అసలు చాలా రాకపోకలు మొదట్లోనే తప్పిపోవాలి. ఒడిశా భూముల పట్టా భూలేఖ్ సైట్‌లో, ప్లాట్ పటం భూనక్ష సైట్‌లో ఇంటి నుంచే కనిపిస్తాయి. శ్రీకాకుళం వైపు నుంచి కొనడానికి వచ్చే తెలుగువాళ్లకు చిక్కేమిటంటే పట్టా ఒడియాలో ఉంటుంది. ఒడియా చదవగలిగిన మనిషితో ఖాతా నంబరు, ప్లాట్ నంబరు, యజమాని పేరు, భూమి కిసమ్ (రకం) 'ఘరబారి', అంటే ఇంటి స్థలం, అవునా కాదా అన్నది ముందే చూపించుకోవాలి. తర్వాత ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్టు, అమ్మకాల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాలి. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడం కుదరదు. ఈ సంగతి ఇల్లంతా తిరిగి చూసి, కాఫీ తాగాక తెలిస్తే, రెండు కుటుంబాలు ఊరికే ఒకరి గాలి ఒకరు పీల్చినట్టు.

కాగితాలు సరిపోయాక వీడియో కాల్. ముందే తీసి కత్తిరించిన వీడియో వద్దు. కొనేవాడు అడిగిన చోటల్లా అమ్మేవాడు ఫోన్ తిప్పాలి: గోడ అడుగున చెమ్మ, స్లాబు మూలలు, కుళాయి ధార, 2013లో ఫైలిన్ తుపానుకు ఎగిరిన రేకుల చోట ఏం వేశారు. నూతి నీళ్లు ఉప్పగా ఉన్నాయా, మూసిన గదిలో ముక్కిపోయిన వాసన వస్తోందా, పక్కింటి మరమగ్గం చప్పుడు ఎంత అన్నవి ఫోన్ చెప్పలేదు. స్వయంగా రావాల్సింది వాటి కోసమే. దానికి పావుగంట చాలు. నీళ్లు సీసాలో బయటకు తెచ్చి ఇచ్చినా సరిపోతుంది.

ఈ వ్యవహారంలో ఎవరూ పట్టించుకోనిది అద్దెకున్నవాళ్లను. అమ్మితే వాళ్లకు వచ్చేది లేదు, పైగా ఇల్లు ఖాళీ చేయాలి. కానీ కొనేవాళ్లు తిరిగేది వాళ్ల వంటింట్లో, వాళ్ల పిల్లలు పడుకునే గదిలో. ఒక రోజు ముందు చెప్పి, వాళ్లు ఒప్పుకున్న వేళకే తీసుకెళ్లడం ఇంటాయన మర్యాద మీద వదిలేసే విషయం కాదు. అద్దె కాగితంలోనే రాసుకోవాలి. ఆ కాసేపు వాళ్లు బయట ఉండాల్సి వస్తే, అద్దెలో కొంత తగ్గించడం కూడా న్యాయమే. బ్రోకర్లకు ఇది నచ్చదు. రోజుకు నాలుగు పార్టీలను తిప్పడమే వాళ్లకు పని జరిగినట్టు.

ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు అమ్ముతుంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చూపించే వేళకు వాళ్లు పెరట్లోనో పక్కింటి అరుగు మీదో ఉండి, తాళం నమ్మకమైన బంధువుకు ఇవ్వాలి. బేరం కుదిరాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో గుంపులో నిలబడాల్సిన గతి కూడా అందరికీ లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక కారణం చూపితే అధికారి ఇంటికే వచ్చి దస్తావేజు తీసుకోవచ్చు. నడవలేని, ఒంట్లో బాగాలేని వాళ్లకు 38వ సెక్షన్ ఉంది. దరఖాస్తుతో పాటు డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే మంచిది. బ్రోకర్ ఈ సంగతి చెప్పకపోతే, దస్తావేజు రాసేవాణ్ణి అమ్మేవాళ్లే అడగాలి.