పైలట్ చదువుకు బిట్లు చాలవు

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు అయ్యే ఖర్చు గురించి విజయవాడ, గుంటూరు ఇళ్లలో జరుగుతున్నంత చర్చ, అందుకు రాయాల్సిన పరీక్షల గురించి జరగడం లేదు. 200 గంటల ఫ్లయింగ్‌కు పొలం అమ్మాలా, బ్యాంకు రుణం తీసుకోవాలా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. పిల్లలు ఈ వృత్తికి తగుదురో లేదో తక్కువ ఖర్చులో తేల్చేవి ఆ పరీక్షలే. అయితే వాటిని చదవవలసిన తీరులో చదవాలి.

నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), ఎయిర్ రెగ్యులేషన్స్ (విమానయాన నిబంధనలు), టెక్నికల్ పేపర్లను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్వహిస్తుంది. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. ఉత్తీర్ణతకు 70 శాతం రావాలి, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఎంసెట్ బిట్లతో పెరిగిన మనవాళ్లకు ఇంతకంటే అనువైన పరీక్ష ఉండదనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక లెక్క చూద్దాం. 120 నాటికల్ మైళ్ల దారిలో 60 మైళ్లు వెళ్లేసరికి విమానం 4 మైళ్లు ఎడమకు జరిగింది. గమ్యానికి నేరుగా చేరాలంటే కుడికి ఎన్ని డిగ్రీలు తిప్పాలి? అరవై మైళ్లకు ఒక మైలు తప్పితే ఒక డిగ్రీ అన్న సూత్రాన్ని మాత్రమే బట్టీ పట్టినవారు 4 అంటారు. అంతే తిప్పితే విమానం అసలు దారికి సమాంతరంగా సాగిపోతుంది తప్ప గమ్యం చేరదు. మిగిలిన దూరంలో ఆ 4 మైళ్లు పూడ్చడానికి మరో 4 డిగ్రీలు కావాలి కనుక జవాబు 8. మిగిలిన దూరాన్ని 40 మైళ్లుగా మార్చి అడిగితే జవాబు 10 అవుతుంది, ప్రశ్నల బ్యాంకులో చదువుకున్న 8 అప్పుడు ఎందుకూ కొరగాదు.

మెటియరాలజీ సంగతీ అంతే. శీతాకాలపు ఉదయాల్లో గన్నవరంలో పొగమంచుకు విమానాలు ఆలస్యం కావడం మనకు కొత్త కాదు. మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడటం, గాలిలో తేమ ఉండటం, గాలి మందంగా వీచడం కలిసి ఆ మంచును ఎలా పుట్టిస్తాయో వివరించలేని విద్యార్థి, దాన్ని ఆప్షన్ ‘బి’గా గుర్తుపట్టి పేపర్ గట్టెక్కవచ్చు గానీ, ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో ‘ఎందుకు’ అన్న ప్రశ్న దగ్గర నిలబడలేడు.

రేడియో టెలిఫోనీ, అంటే కంట్రోల్ టవర్‌తో రేడియోలో ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్షలో నోరు విప్పక తప్పదు. భారతీయ వాయుయాన్ అధినియమ్-2024 చట్టంతో ఈ పరీక్ష టెలికం శాఖ నుంచి డీజీసీఏ పరిధిలోకి వచ్చింది. విజయవాడలో పెరిగి, 17 ఏళ్లకే ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరిన కెప్టెన్ అనీ దివ్యకు సైతం మొదట్లో ఇంగ్లిష్ సంభాషణ ఇబ్బంది పెట్టింది. ఆమె 30 ఏళ్లకు బోయింగ్ 777 కమాండర్ అయ్యారు.

ఇక శిక్షణ మార్గాలు. ఎయిర్‌లైన్ తానే అభ్యర్థులను ఎంచుకుని శిక్షణ ఇప్పించే క్యాడెట్ కార్యక్రమంలో చేరినా, ఫ్లయింగ్ స్కూలును సొంతంగా ఎంచుకున్నా వరస మారకూడదు: ముందు వైద్య పరీక్షలు, తర్వాత పేపర్లు, ఆపైనే ఫ్లయింగ్ ఫీజు. రంగులను గుర్తించడంలో లోపం ఉన్నట్టు కమర్షియల్ పైలట్లకు తప్పనిసరైన క్లాస్ 1 వైద్య పరీక్షలో, అదీ ఫీజు కట్టాక బయటపడితే, ఆ కుటుంబానికి ఊరట చెప్పేవారుండరు. విదేశాల్లో లైసెన్సు తెచ్చుకుంటే పేపర్ల బెడద తప్పుతుందనుకోవడమూ భ్రమే. దాన్ని ఇక్కడ మార్పించుకోవాలంటే రెగ్యులేషన్స్ పేపరు, నావిగేషన్, మెటియరాలజీ కలిపిన మరో పేపరు రాయాల్సిందే.