రసీదు లేని జరిమానా

మహారాష్ట్రలోని ధర్మాబాద్ వైపు, తెలంగాణ సరిహద్దులో ఉన్న ఒక తెలుగు ఊళ్ళో గ్రామ కమిటీ వాళ్ళు చావడి గోడకు కట్టిన ఫ్లెక్సీ ఫోటో ఈ వారమంతా అందరి ఫోన్లలో తిరిగింది. అందులో ఏముందో మళ్ళీ పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద చెత్త వేస్తే ఇంత, గేదెను బజారులో కడితే ఇంత, రాత్రి డీజే పెడితే ఇంత, ఇంటి నీళ్ళు దారి మీదకు వదిలితే ఇంత. చాలామంది అక్కడి దాకా చదివి భేష్ అన్నారు. చివరి రెండు వరుసలు చదివినట్టు లేరు. కమిటీని కాదని పోలీస్ స్టేషన్‌కు పోతే, పైన రాసిన అన్నిటికన్నా పెద్ద జరిమానా. కట్టకపోతే ఆ ఇంటికి ఊరితో సంబంధం ఉండదు. ఊరి పేరు మేం కావాలనే రాయడం లేదు. ఆ ఒక్క ఊరిని దోషిగా నిలబెట్టి మిగతా ఊళ్ళు చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు, పైగా అదే మేటర్ తమ ఊరికీ కావాలని అడిగేవాళ్ళు అప్పుడే బయల్దేరారు.

ఊళ్ళో న్యూసెన్స్ లేదని ఎవరంటారు? పెళ్ళి ఊరేగింపులో డీజే బండి వస్తే ఇంట్లో గిన్నెలు అదురుతాయి, మంచంలో ఉన్న ముసలివాళ్ళు గుండె పట్టుకుంటారు. ఎరువు కుప్ప సగం దారి మీదే ఉంటుంది. చెరకు ట్రాలీ వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కరు కూడా ఉండదు, చీకట్లో బైకు మీద వచ్చినవాడు దాన్ని గుద్దుకున్నాకే అక్కడ ట్రాలీ ఉందని తెలుస్తుంది. ఇవన్నీ ఆగాలి, గట్టిగా ఆగాలి. పోలీసులు పిలిస్తే రారు, పంచాయతీ పట్టించుకోదు, పెద్దమనుషులు చెబితేనే జనం వింటారు అని కమిటీ వాళ్ళ వాదన, అందులో కొంత నిజం కూడా ఉంది.

అయితే రసీదు ఏది?

మేం అడుగుతున్నది అదొక్కటే. జరిమానా కట్టినవాడికి చేతిలో కాగితం ఇస్తున్నారా, దాని మీద ఎవరి ముద్ర ఉంది, డబ్బు ఏ ఖాతాలో పడింది, ఇది అన్యాయం అనుకున్నవాడు ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకోవాలి? గ్రామపంచాయతీ జరిమానా వేస్తే ఈ నాలుగింటికీ జవాబు ఉంటుంది, ఆ జవాబు ఎంత చెత్తగా ఉన్నా సరే ఉంటుంది. పద్దు రాస్తారు, ఆడిట్ వస్తుంది, తప్పు జరిగితే పైవాళ్ళకు అర్జీ పెట్టుకోవచ్చు. కమిటీ జరిమానాకు ఒక్కదానికీ జవాబు లేదు. నలుగురు కూర్చుంటారు, ఒక అంకె చెబుతారు, మర్నాటికి డబ్బు తెమ్మంటారు. దీన్ని వసూలు అంటారు, ఇంకాస్త కోపం వచ్చినవాడైతే దందా అంటాడు, మేం అతన్ని తప్పుపట్టలేం.

చట్టం ఏం చెబుతుందో కూడా ఒకసారి చూడండి. పబ్లిక్ న్యూసెన్స్‌కు పాత ఐపీసీలో 290 సెక్షన్ కింద 200 రూపాయల వరకే జరిమానా ఉండేది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 292 సెక్షన్ అయింది, జరిమానా 1000 రూపాయల దాకా పెరిగింది. అంటే వేరే సెక్షన్ కిందకు రాని మామూలు న్యూసెన్స్ కేసులో సాక్షుల్ని పిలిచి, వాదన విని, తీర్పు రాసిన మేజిస్ట్రేటు కూడా వెయ్యి దాటి వేయలేడు. ఆ ఫ్లెక్సీలో మొదటి వరుసే అంతకన్నా పెద్దది. కోర్టుకు లేని అధికారం చావడి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరిచ్చారు?

డీజేకు కొత్త రూల్ రాయాల్సిన పనే లేదు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వచ్చు, అంతే. దారికి అడ్డంగా కట్టినవి, పెట్టినవి తీసేయించే అధికారం 1958 నాటి గ్రామపంచాయతీ చట్టంలో 53వ సెక్షన్ పంచాయతీకే ఇచ్చింది. ప్రమాదం ఉన్నచోట ఇంకా గట్టి దారి ఉంది. పాత సీఆర్‌పీసీ 133, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 152. దాని కింద ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు) దారిలో అడ్డం తీయమని ఆర్డర్ ఇవ్వచ్చు, కూలిపోయేలా ఉన్న గోడ దించేయమనచ్చు, దారి పక్క బావికి కంచె కట్టమనచ్చు, ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమనచ్చు. అవతలివాడు హాజరై నా తప్పు లేదు అని చెప్పుకునే వీలు కూడా అందులోనే ఉంది. ఆ ఫ్లెక్సీ రాసినవాళ్ళకు రెండో వైపు ఒకటుంటుందన్న ఆలోచనే వచ్చినట్టు లేదు.

ఇక ఊరితో సంబంధం ఉండదు అన్న మాట. దాని అర్థం ఈ సరిహద్దులో పుట్టినవాడికి విడమరచి చెప్పాలా? కిరాణా కొట్టులో ఉప్పు ఇవ్వరు, గిర్నీలో జొన్నలు పట్టరు, మంగలి రాడు, కూలికి పిలవరు, పలకరించినవాడికి కూడా జరిమానా. గోదావరి అవతల నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో ఏళ్ళ తరబడి నడుస్తున్న తంతు ఇదే. గీత కార్మికుల కుటుంబాలను వెలివేసిన వార్తలు, దళిత కుటుంబాలను వెలివేసిన వార్తలు అక్కడి నుంచి వస్తూనే ఉన్నాయి. అక్కడ కూడా మొదట గుడికి రంగు వేయిద్దాం, బడికి గేటు పెట్టిద్దాం, ఊరు బాగుండాలి అనే మొదలుపెట్టారు. తర్వాత ఇసుకకు వేలం పాట, కోడిమాంసం దుకాణానికి వేలం పాట, ఆఖరికి బెల్టు షాపుకు కూడా వేలం పాట. మన చుట్టాలు, వియ్యంకులు సగం మంది అటే ఉన్నారు, వాళ్ళను అడిగితే కథలు కథలుగా చెబుతారు. ఆ జబ్బును చూస్తూ చూస్తూ ఇటు తెచ్చుకుంటున్నాం.

అయినా ఇటువైపు చట్టం వేరు, ఆ సంగతి కమిటీ వాళ్ళు మరిచిపోయినట్టున్నారు. మూఢనమ్మకాల మీద పనిచేసే అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి లాంటి వాళ్ళు కుల పంచాయితీల మీద గట్టిగా పోరాడిన తర్వాత, సంఘ బహిష్కారాన్ని నేరంగా చేస్తూ దేశంలో మొదట ప్రత్యేక చట్టం తెచ్చింది మహారాష్ట్రే. 2016లో శాసనసభ ఆమోదించింది, 2017 జులై నుంచి అమల్లో ఉంది. మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెలివేసినవాడికే కాదు, వెనకుండి ఎగదోసినవాడికీ. అంటే ఆ కమిటీ తాను చేయబోయే నేరాన్ని తానే రంగుల్లో ప్రింట్ చేయించి, కింద పేర్లు కూడా వేసుకుని గోడకు కట్టింది. పోలీసులకు ఇంత తేలిక కేసు మళ్ళీ దొరకదు.

ఊరు తన రూల్స్ తాను రాసుకోకూడదని మేం అనడం లేదు, దయచేసి ఆ మాట మా నోట్లో పెట్టకండి. 2022లో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం ఇక మా ఊళ్ళో ఉండవు అని తీర్మానం చేసింది, ప్రభుత్వమే దాన్ని చూసి మిగతా ఊళ్ళకు చెప్పింది. సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్‌లో రాత్రి ఏడింటికి సైరన్ మోగితే గంటన్నర టీవీలు, ఫోన్లు బంద్. 2024 చివర్లో అహిల్యానగర్ జిల్లా సౌందాలా గ్రామసభ తల్లినీ చెల్లినీ కలిపి తిట్టేవాళ్ళకు 500 జరిమానా పెట్టింది. ఆ 500 కోర్టులో నిలుస్తుందా అంటే మాకూ అనుమానమే. కానీ అది గ్రామసభలో జరిగింది, అందరి ముందు జరిగింది, ఊరి ఓటర్లందరికీ కూర్చునే హక్కున్న చోట జరిగింది. రాత్రి తొమ్మిదింటికి నలుగురు మగవాళ్ళు టీ తాగుతూ రాసింది కాదు.

మన ఊళ్ళో గ్రామసభ ఏడాదికి కనీసం నాలుగుసార్లు జరగాలి, దానికి ముందు ఆడవాళ్ళ సభ వేరుగా జరగాలి. ఈ ఫ్లెక్సీలోని ఒక్క వరుసైనా ఆ సభలకు వెళ్ళిందా? కమిటీలో ఒక్క ఆడమనిషి పేరైనా ఉందా? లేదు. చెత్త ఊడ్చేది, నీళ్ళు మోసేది, వాకిలి చల్లేది వాళ్ళు. జరిమానా లెక్క రాసేది మాత్రం మీసాలు.

ఇందులో మాకు అన్నిటికన్నా మంట పుట్టించిన విషయం వేరే ఉంది. ఇంటి నీళ్ళు దారి మీదకు వదిలితే జరిమానా అన్నారు. ఆ వీధిలో మోరీ ఎక్కడుంది? దళితవాడకు మోరీ కట్టలేదు, కట్టిన చోట సగంలో ఆపేశారు, నీళ్ళు పోవడానికి దారే లేనప్పుడు అంట్లు తోమిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, ఇంట్లోకా? 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు, జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం, డబ్బుల్లేవు కాబట్టి మోరీలు కట్టలేం అన్న సాకును కొట్టిపారేసింది. అక్కడి జనం వాడిన సెక్షన్ ఏదనుకున్నారు? ఇందాక చెప్పిన 133. అంటే న్యూసెన్స్ చట్టం పేదవాడు పంచాయతీ మెడ పట్టుకోవడానికి కూడా పనికొస్తుంది. ఇక్కడ దాన్ని తలకిందులు చేశారు. మోరీ కట్టనివాళ్ళు మోరీ లేనివాళ్ళ దగ్గర జరిమానా తీసుకుంటున్నారు. దానికీ రసీదు లేదు.

సారా గురించి ఆ ఫ్లెక్సీలో ఒక్క ముక్క లేదు, గమనించారా? గేదె గురించి ఉంది, సారా గురించి లేదు. ఊళ్ళో రాత్రిపూట గొడవలు గేదెలు చేస్తున్నాయా? నిజంగా ఊరు బాగుపడాలనే ఉంటే దానికి ఈ రాష్ట్రంలో పక్కా దారి ఉంది. లైసెన్సు దుకాణం వద్దని ఊరి ఆడవాళ్ళు అడిగితే రహస్య ఓటింగ్ పెట్టాలి, నిలబడ్డ సీసాకా, పడుకోబెట్టిన సీసాకా అని ఓటు వేస్తారు, ఆడ్వీ బాట్లీ, అంటే పడుకోబెట్టిన సీసా గెలిస్తే దుకాణం మూతపడుతుంది. చాలా ఊళ్ళు అలా మూయించాయి. లైసెన్సు లేకుండా అమ్మేవాడికైతే ఓటింగ్ కూడా అక్కర్లేదు, పోలీసులకు ఒక్క ఫోన్ చాలు. కానీ పోలీసుల దగ్గరికి పోతేనే కదా పెద్ద జరిమానా! ఆ వరుస ఎవరిని కాపాడటానికి రాశారో ఇక ఊహించుకోండి.

పంచాయతీ వాళ్ళ పాపం కూడా ఇందులో ఉంది. సభ నోటీసు మరాఠీలో, తీర్మానం మరాఠీలో, అర్జీ మరాఠీలో. బడికి పోయిన పిల్లలకు మరాఠీ వస్తుంది, అరవై దాటిన అవ్వకు రాదు. కమిటీ ఫ్లెక్సీ మాత్రం శుభ్రమైన తెలుగులో ఉంది. జనం ఎటు చూస్తారు? గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) గారు తీర్మానాలు సభలో తెలుగులో చదివి వినిపించడానికి ఏ జీవో అడ్డం వచ్చింది? రెండు రాష్ట్రాల మధ్య నలిగిపోతున్నాం, తెలంగాణలో కలపండి అని ధర్మాబాద్ ఊళ్ళు గొంతు చించుకున్నది ఇలాంటి చిన్న చిన్న నిర్లక్ష్యాల వల్ల కూడా.

ఈ ఒక్కటి వదిలేస్తే రేపు ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఈ ఏడు గేదెకు జరిమానా. వచ్చే ఏడు వేరే కులం పిల్లను చేసుకున్నవాడికి. ఆ పైఏడు సర్పంచ్ ఎన్నికల్లో కమిటీ చెప్పినవాడికి ఓటు వేయనివాడికి. నది అవతల ఈ మెట్లన్నీ ఎక్కేశారు. మనం మొదటి మెట్టు మీదే ఉన్నాం, అది కూడా చప్పట్లు కొడుతూ.

సర్పంచ్ గారు ఆ కమిటీ నాకు సంబంధం లేదు అంటున్నారట. ఊరి చావడి గోడ మీకు సంబంధం కాదా? పంచాయతీ గోడకు కట్టిన ఫ్లెక్సీ దించడానికి కత్తెర, నిచ్చెన చాలు. పోలీస్ పాటిల్ పదవి పెట్టింది ఊళ్ళో జరిగేది స్టేషన్‌కు చేరవేయడానికి, 1967 చట్టంలో ఆ పని స్పష్టంగా ఉంది, ఆయన మాత్రం కమిటీ మీటింగులో వెనక కుర్చీలో కూర్చుంటున్నారు. తహసీల్దారు గారికి ఫోటో చేరలేదంటే మేం నమ్మం, మా ఆఫీసుకు చేరింది, చాయ్ హోటళ్ళకు చేరింది. ఇప్పటిదాకా వసూలు చేసిన ప్రతి రూపాయీ ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ళకు వెనక్కి పోవాలి, కేసు నమోదు కావాలి, రెండూ ఈ నెలలోనే.

పుణేలో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ ఆ ఫోటో కింద 'సూపర్, మన ఊరు మారుతోంది' అని రాసిన తమ్ముళ్ళకు కూడా ఒక మాట. మీ అపార్ట్‌మెంట్ సొసైటీ వాళ్ళు రసీదు లేకుండా వెయ్యి రూపాయలు అడిగితే గ్రూపులో ఎంత గొడవ చేస్తారో మాకు తెలుసు. లిఫ్టు పని చేయకపోతే కన్జ్యూమర్ కోర్టుకు పోతామని లెటర్ పెడతారు. ఊళ్ళో మీ అమ్మ వయసు ఆవిడ మోరీ లేక నీళ్ళు బయట పోసినందుకు నాలుగు రోజుల కూలి డబ్బులు కమిటీ చేతిలో పెట్టి వస్తే, దానికి మీరు చప్పట్ల బొమ్మలు పెడుతున్నారు. ముందు అవి తీసేయండి, తర్వాత ఊరికి ఫోన్ చేసి ఆ పేర్లలో మీ నాన్న పేరుందేమో కనుక్కోండి.