బంగాయ్ చేప బతకాలంటే ముళ్ల బంతీ బతకాలి

ఇండోనేషియాలో సులవేసికి తూర్పున బంగాయ్ దీవులున్నాయి. మూడంగుళాలకు కాస్త అటూ ఇటూగా ఉండే ఒక చేపకు సొంత ఊరు అదొక్కటే. వెండి ఒళ్లు, నిలువు నల్ల చారలు, తెల్ల చుక్కలు, చీలిన పొడవాటి తోక. పేరు బంగాయ్ కార్డినల్. 1933లోనే శాస్త్రవేత్తలు దీని గురించి రాసినా, 1990ల మధ్యలో చేపల శాస్త్రవేత్త జెరాల్డ్ అలెన్ మళ్లీ వెలుగులోకి తెచ్చేదాకా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత పదేళ్లు తిరక్కుండానే అక్వేరియంల కోసం ఏటా 6 నుంచి 9 లక్షల చేపల్ని పట్టారని అంచనా. 2004 నాటికి సముద్రంలో ఉన్నవే సుమారు 24 లక్షలు.

ఇంత వేటను మరో చేపైతే తట్టుకునేదేమో. ఇది తట్టుకోలేదు. ఆడది పెట్టిన గుడ్లను మగది నోట్లోకి తీసుకుంటుంది. (మన తీరంలోని సముద్రపు జెల్లల్లోనూ ఈ పని మగవాటిదే.) దాదాపు ఇరవై రోజులకు గుడ్లు పగిలాక కూడా పిల్లలు మరో పది రోజులు ఆ నోట్లోనే ఉంటాయి. అన్నాళ్లూ తండ్రికి తిండి లేదు. పగడపు దిబ్బల్లో ఉండే చాలా చేపల పిల్లలు నీటి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడో దూరాన స్థిరపడతాయి. వీటికి ఆ ప్రయాణమే లేదు, పుట్టినచోటే ఉండిపోతాయి. అందుకే కొద్ది కిలోమీటర్ల దూరంలోని గుంపుల మధ్య కూడా జన్యువుల్లో తేడా కనిపిస్తుంది. ఒక దిబ్బ మీది గుంపును ఊడ్చేస్తే, పక్క దిబ్బ నుంచి వచ్చి ఆ చోటు నింపేవి దాదాపు ఉండవు.

అంతరించే ముప్పున్న జీవిగా 2007లో గుర్తించారు. దీని అంతర్జాతీయ వ్యాపారానికి, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే దేశాల ఒప్పందం కింద హద్దులు పెట్టాలని అదే ఏడాది అమెరికా, 2016లో ఐరోపా సమాఖ్య ప్రతిపాదించి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాయి. ఈలోగా థాయ్‌లాండ్‌లో తొట్లలో పెంచిన చేపలు అమెరికా మార్కెట్‌కు పెద్ద సంఖ్యలో చేరాయి. మంచిదే. కానీ ఆ డబ్బులో బంగాయ్ జాలరికి పైసా రాదు. దిబ్బను కాయాల్సింది మాత్రం అతనే. నాకు బాధ కలిగించేది ఇదే.

వేట ఆపినంత మాత్రాన సరిపోదు. ఈ చేపలు, ముఖ్యంగా పిల్లలు, సీ అర్చిన్ అనే ముళ్ల బంతి లాంటి జీవి ముళ్ల మధ్య, పువ్వులా కనిపించే సీ అనిమోన్ అనే జీవుల మధ్య దాక్కుని బతుకుతాయి. ఆ రెంటినీ జనం తిండికి ఏరుకుపోతున్నారు, పెంపుడు చేపలకు మేతగానూ వాడుతున్నారు. 2018లో ఇండోనేషియా ఏడాదిలో కొన్ని నెలలు ఈ చేప వేటను ఆపించింది. ముళ్ల బంతులకూ అలాంటి రక్షణే కావాలి. దిబ్బల కాపలా ఊరివాళ్లకే అప్పగించి, ఏరడం మానుకున్నందుకు వాళ్లకు కలిగే నష్టాన్ని తొట్టి చేపల వ్యాపారం నుంచే ఇప్పించాలి.