కత్తి ఏ ఇంటిదన్నదే లెక్కా?

ఇంగ్లాండ్, వేల్స్ కోర్టుల్లో హత్య రుజువైతే జడ్జి వేయాల్సిన శిక్ష ఒక్కటే, యావజ్జీవం. 1965లో హత్యకు ఉరి రద్దయినప్పటి నుంచి ఇదే పద్ధతి. కనీసం ఎన్నేళ్లు జైల్లో ఉండాలో కూడా జడ్జే చెప్పాలి. ఆ గడువు తీరాకే విడుదల మాట. అప్పుడైనా పెరోల్ బోర్డు ఒప్పుకోవాలి.

2002 దాకా ఈ గడువు మీద చివరి మాట హోం మంత్రిది. అది కోర్టు పని, మంత్రి పని కాదని అప్పట్లో దేశపు అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మరుసటి ఏడాదే పార్లమెంటు అంకెలను చట్టంలో రాసిపెట్టింది. అతి ఘోరమైన హత్యలకు చచ్చేదాకా జైలే. తుపాకీతోనో, డబ్బు కోసమో చంపితే 30 ఏళ్ల దగ్గర లెక్క మొదలవుతుంది. వాడాలనే కత్తి వెంట తీసుకెళ్లి చంపితే 25. 18 ఏళ్లు నిండినవాళ్లు చేసిన మిగతా హత్యలకు 15. అక్కడి నుంచి జడ్జి పెంచుతారు, తగ్గిస్తారు.

ఆ 25 ఏళ్ల అంకె 2010లో వచ్చింది. వీధుల్లో కత్తులు పట్టుకు తిరగడం ఆపాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ భార్యను వంటింటి కత్తితో పొడిచి చంపినవాడికి లెక్క 15 దగ్గరే మొదలవుతుంది, కత్తి బయటి నుంచి తేలేదు కాబట్టి! కూతుళ్లను పోగొట్టుకున్న తల్లులు ఈ పదేళ్ల తేడా ఎందుకని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

అలాగని ఇంట్లో కత్తికీ 25 పెట్టేయమనలేను. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న ఆడమనిషి ఒక రాత్రి తిరగబడితే చేతికందేది ఆ కత్తే. బలమున్నవాడికి కత్తి అక్కర్లేదు, గొంతు నులిమేస్తాడు. అప్పుడు అతనికి 15, ఆమెకు 25 అవుతుంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఇంటి హత్యలకు వేసే శిక్షలపై సీనియర్ న్యాయవాది క్లేర్ వేడ్ సమీక్ష 2023లో బయటికొచ్చింది. 2024లో చట్టం కొంత మారింది. చంపినవాడు అంతకుముందు ఆమెను అదుపులో పెట్టుకుని వేధించి ఉంటే గడువు పెరగొచ్చు. వేధింపులు పడ్డ మనిషే చంపితే తగ్గొచ్చు. దారి సరైనదే, కానీ చాలదు. ఎందుకంటే ఈ చరిత్ర లెక్కలోకి వచ్చేది మొదటి అంకె ఖాయమయ్యాకే. 15 మీద రెండో మూడో ఏళ్లు కలిపినా 25 చాలా దూరం. బెదిరింపులు, లాక్కున్న ఫోన్లు, స్నేహితులతో మాట్లాడనివ్వని రోజులు, వీటిని రుజువు చేయడం కత్తి ఎక్కడిదో చెప్పడమంత తేలిక కాదు. అయినా ఆ మొదటి అంకెను తేల్చాల్సింది ఇవే.